నేను చదవని వరుస

మా వీధిలో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా నా దగ్గరికే తెస్తారు. ఆళ్లగడ్డలో ఇరవై రెండేళ్లుగా టీచర్ని. నా తమ్ముడు శాంసన్ రక్తపరీక్షలు కూడా నేనే చదివి చెప్పేదాన్ని.

శాంసన్ వరికోత మిషను నడిపేవాడు. నాలుగేళ్ల కింద చర్చిలో రక్తదానం చేసినప్పుడు వాడికి హెపటైటిస్ బి ఉందని తెలిసింది. నంద్యాల డాక్టరు ఆరు నెలలకొకసారి రక్తపరీక్ష, స్కానింగు చేయించుకోమన్నాడు. పోయిన మార్చిలో వెళ్లినప్పుడు డాక్టరు ఊళ్లో లేడు. రక్తం మాత్రం ఇచ్చి, సాయంత్రం రిపోర్టు తీసుకుని భార్య రెబెకాతో నేరుగా మా ఇంటికి వచ్చాడు.

కాలేయం అంకెలన్నీ హద్దులోనే ఉన్నాయి. చివర ఏఎఫ్‌పీ అని ఒక కొత్త పరీక్ష. డాక్టరు పోయినసారే చీటీలో రాశాడని నాకప్పుడు తెలియదు. అరవై నాలుగు. దాని కింద ఏ వారానికి ఎంత ఉండాలో గర్భిణుల పట్టిక.

“ఇది కడుపుతో ఉండేవాళ్ల పరీక్షరా. ఎవరిదో నీకు కలిపినారు” అన్నాను.

“ఏందక్కా, నాకు ఎన్నో నెలంట?”

“ఐదో నెల.”

“అయితే మామిడికాయలు తెస్తా ఉండు” అంది రెబెకా. “ఇంక మిషను ఎక్కి దూకొద్దు నువ్వు.”

ముగ్గురం నవ్వాం. మిగతావి బాగున్నాయి, స్కానింగు కోతలయ్యాక చూద్దాంలే అన్నది నేనే. ఆ పట్టిక పైన చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంది. గర్భంతో లేనివాళ్లకు పదిలోపు ఉండాలని. నేను చదవలేదు. ప్రశ్న మొత్తం చదవండని పిల్లలకు రోజూ చెబుతాను.

కోతలయ్యాయి. స్కానింగు మాట ఎవరమూ ఎత్తలేదు.

సెప్టెంబరులో కుడిపక్క నొప్పి మొదలైంది. నంద్యాలలో స్కానింగు తీస్తే కాలేయంలో పెద్ద గడ్డ. ఏఎఫ్‌పీ పదకొండు వేలు.

“బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఇది పెరుగుతుంది. కాలేయంలో కేన్సరు పుట్టినా పెరగొచ్చు” అన్నాడు డాక్టరు. “మార్చిలో చేయించింది ఏదీ?”

రెబెకా నా వైపు చూసింది. మార్చిలో మా ఇంట్లోనే వదిలేసిన ఆ కాగితం నా చేతిసంచిలోనే ఉంది.

“దొరకలేదు సార్” అన్నాను.

శాంసన్ డిసెంబరు మొదట్లో పోయాడు. చర్చివాళ్లు మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు తమ్ముణ్ణి తల్లిలా చూసుకుందని నన్ను మెచ్చుకున్నారు. తల వంచుకుని విన్నాను.

జనవరిలో శాంసన్ కూతురు బ్లెస్సీకి పరీక్ష చేయిస్తే ఆమెకూ హెపటైటిస్ బి ఉందని తేలింది. డాక్టరు రాసిన మిగతా పరీక్షల రిపోర్టులు పట్టుకుని తల్లీకూతుళ్లు వచ్చారు.

“చూడు వదినా. నువ్వు బాగుందంటే నాకు చాలు. మళ్లా నంద్యాలకు తిరిగే పని తప్పుతుంది.”

ప్రతి వరుసా రెండుసార్లు చదివాను. అన్నీ హద్దులోనే ఉన్నాయి.

“నేను చదివితే చాలదు రెబెకా. డాక్టరుకు చూపించల్ల.”

“ఏం, బాగలేదా?”

“బాగుంది. మార్చిలో కూడా బాగుందనే చెప్పినా.”

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. అరవై నాలుగు శాంసన్‌దేనని, నేను తప్పు చదివానని, డాక్టరు అడిగినప్పుడు కాగితం నా దగ్గరే ఉందని చెప్పాను. బ్లెస్సీ నేల చూస్తూ నిలబడింది.

రెబెకా కుర్చీ ముందుకు జరుపుకుంది.

“ఆయనకు చెప్పినావా?”

“లేదు.”

“మూడు నెలలు మంచం పక్కనే కూచున్నావ్. ఒక్క పొద్దు గూడా చెప్పలా?”

“చెప్పలా.”

నా చేతిలోని రిపోర్టులు తీసుకుంది. “రేపు పొద్దున బస్సుకు మేం పోతాం. నువ్వు రావద్దు” అని లేచింది. గొంతు పెంచలేదు.

బ్లెస్సీ గుమ్మం దగ్గర ఆగింది. “అత్తా, డాక్టరుకు ఏది ముందు చూపీయల్ల?”

“అన్నీ ఇయ్యమ్మా. ఆయన్నే చదవనీ.”

తల ఊపి, అమ్మ వెనక పరిగెత్తింది. రెబెకా అప్పటికే వీధి మలుపు దాటింది.