అరువు చరణం

మెంఫిస్ నుంచి రికార్డుల సరుకు గురువారం వస్తుంది. గురువారం మధ్యాహ్నం నెల్సన్ వీధిలో నా దుకాణం ముందు నిలబడేవాళ్లలో సగం మంది కొనరు, ఊరికే వింటారు. అది నాకు నష్టం కాదు. గుమ్మం పైన లౌడ్‌స్పీకర్ పెట్టింది అందుకే. చెవిన పడని పాటను ఎవరూ కొనరు.

ఆ గురువారం పెట్టెలో లెమ్యూల్ పెటిఫర్డ్ మొదటి రికార్డు వచ్చింది. పాట వాళ్ల నాన్న అమోస్‌దే, ‘తీసి ఉన్న తలుపు’. దుకాణం తెరవకముందే ఒక్కణ్ణే కూర్చుని విన్నాను. బాగా అమ్ముడుపోతుందని మొదటి చరణానికే తెలిసింది. మూడో చరణానికి వచ్చేసరికి, ఈ పెట్టె దారిలో ఎక్కడైనా పోయుంటే బాగుండేదనిపించింది.

ఆ మూడో చరణం మా ఊళ్లో అందరికీ నోటికి వచ్చు:

తలుపు తీసిపెట్టి పోయింది నా ఆడది, ఉయ్యాల్లో బిడ్డ ఏడుస్తుంటే,
వెనక్కి తిరిగి చూడనైనా లేదు, రైలు కూత కూస్తుంటే.

అమోస్ భార్య ఓజెల్లా రైలెక్కిన మాట నిజం. దగ్గితే రక్తం పడుతుంటే క్షయ ఆస్పత్రికి తీసుకుపోయారు. బిడ్డను చంకనెత్తుకుని స్టేషన్‌కి వెళ్లి సాగనంపింది అమోసే. ఆమె ఆస్పత్రిలో ఉండగా అతను ఈ పాట రికార్డు చేశాడు. పాట పొట్టిగా ఉంది, ఇంకో చరణం కావాలన్నాడట కంపెనీ మనిషి. అమోస్ తనకు నోటికి తెలిసిన పాత చరణం ఒకటి కలిపేశాడు. మావైపు పాటగాళ్లకు చరణమంటే పక్కింటి నిచ్చెన లాంటిది, అవసరమైనవాడు తెచ్చుకుంటాడు. ఇదే చరణాన్ని గుడ్డి హార్మన్ టగుల్ అంతకు ఎంతో ముందే పాడి రికార్డు చేశాడు. అమోస్‌కి పెళ్లయ్యేనాటికి ఆయన చచ్చిపోయి కూడా చాలా కాలమైంది.

కానీ ఊరు అలా లెక్క వేయలేదు, ఆ చరణం ఓజెల్లా గురించే అనుకుంది. ఓజెల్లా నయమై తిరిగొచ్చేసరికి అమోస్ చనిపోయాడు, అత్తగారు పిల్లాణ్ణి తీసుకుని చికాగో వెళ్లిపోయింది, రికార్డు మాత్రం ఇంటింటా ఉంది. ఆ ముసలామె మనవణ్ణి ఆ పాట వినిపించే పెంచింది. ఓజెల్లా ఉత్తరాలు రాస్తే విప్పకుండానే తిరిగొచ్చేవి. ఒకసారి చికాగో వెళ్తే లెమ్యూల్ తలుపు సందులోంచే మాట్లాడి పంపేశాడు.

పోయిన చలికాలంలో నేనే ఆమెకు ఉపాయం చెప్పాను. ఉత్తరమైతే వెనక్కొస్తుంది, కానీ రికార్డును వెనక్కి పంపే సంగీతగాణ్ణి నేనింతవరకు చూడలేదు. హార్మన్ టగుల్ రికార్డు నా దగ్గర ఒకటి మిగిలింది. చీటీ కూడా పెట్టకుండా దాన్ని లెమ్యూల్‌కి పంపాం. ఆ చరణం ఎంత పాతదో వాడే విని తెలుసుకుంటాడనుకున్నాం. టగుల్ ఎప్పుడు పోయాడో చికాగోలో గిటార్ పట్టిన ప్రతివాడికీ తెలుసు. జవాబు రాలేదు. వెనక్కీ రాలేదు.

ఆ గురువారం ఓజెల్లా లాండ్రీలో పని ముగించుకుని నేరుగా వచ్చింది. పక్కనున్న మంగలి క్లియోథా అప్పటికే నా కౌంటర్ మీద మోచేతులు ఆనించి, మొక్కజొన్న ఆకులో చుట్టి ఉడికించిన తమాలీలు తింటున్నాడు.

“వచ్చిందా టాలివర్?” అంది.

“వచ్చింది, మిస్ ఓజెల్లా.”

“ముందు అమోస్‌ది పెట్టు.”

పెట్టాను. ఒక్క గిటార్, తీగల మీద జారించడానికి సీసా మెడ తొడిగిన వేలు. మూడో చరణాన్ని అమోస్ ఏదో గుర్తు చేసుకుంటున్నవాడిలా పాడి దాటేస్తాడు.

“చూడు, ఆ చరణం మీద అతనికి మనసే లేదు,” అంది ఓజెల్లా. “ఇప్పుడు చికాగో వాళ్లది.”

ఇదే పాటను చికాగోలో వేరే బ్యాండు కూడా రికార్డు చేసింది. వాళ్లది డ్రమ్ములు, మౌత్ ఆర్గాన్, డాన్సు కోసం చేసిన పరుగు. అందులో మూడో చరణమే లేదు.

“దేవుడు వాళ్లను చల్లగా చూడాలి,” అంది.

తర్వాత సెయింట్ లూయిస్ ఆవిడది. ఆమె పాటను తిరగేసింది. తలుపు తీసిపెట్టి పోయేది మొగుడు. ఆడవాళ్లు కొనేది అదే.

క్లియోథా మూతి తుడుచుకున్నాడు. “కొత్తది పెట్టించుకోవడానికి భయపడుతున్నావేంటి సిస్టర్? కన్నకొడుకు పాట!”

“నీ తమాలీ నువ్వు తిను, క్లియోథా.”

“తినేశాను.”

“అయితే ఆకు తిను.”

గుమ్మంలో జనం నవ్వారు. ఓజెల్లా నవ్వలేదు. నా వైపు చూసి, “విన్నావా?” అంది. తల ఊపాను. “ఆ చరణం ఉందా?” అంది. నా నోట చెప్పడం చేతకాక రికార్డు ఎక్కించి ముల్లు దించాను.

లెమ్యూల్ గొంతు అందరికన్నా నెమ్మది. రెండో చరణానికల్లా గుమ్మంలో జనం లోపలికి జరిగారు. మూడో చరణానికి ముందు గిటార్ ఒక్కటే మోగింది. లావు తీగ మీద కిందికి జారి, తడబడినట్టు ఆగి, మళ్లీ ఎక్కింది. ఓజెల్లా కౌంటర్ పట్టుకుంది. అది టగుల్ వాయింపు. అమోస్ పాటలో లేదు, ఇంకెవరి పాటలోనూ లేదు. మేం పంపిన రికార్డులో మాత్రమే ఉంది.

“అందింది,” అంది ఓజెల్లా. “టాలివర్, వాడికి అందింది. విన్నాడు!”

అప్పుడు లెమ్యూల్ పాడాడు:

తలుపు తీసిపెట్టి పోయింది మా అమ్మ, ఉయ్యాల్లో నేను ఏడుస్తుంటే.

పాట అయిపోయాక ముల్లు గీరుకుంటున్నా నేను ఎత్తలేదు. వాడు ఆ రికార్డును అరిగిపోయేదాకా విని ఉంటాడు. వేళ్లకు కావలసింది తీసుకున్నాడు. చరణం ఎవరిదన్నది వాడికి లెక్కలోకి రాలేదు. మేం సాక్ష్యం పంపామనుకున్నాం, వాడికి పాఠం అందింది.

“ఓరి దేవుడా,” అన్నాడు క్లియోథా. “తండ్రిని మించాడు!”

“ఆ చరణం టగుల్‌ది,” అన్నాను. “ఈమె పెళ్లికి ముందుది.”

“ఎవరిదైతే ఏం? సొంత కొడుకే అంటుంటేనూ?” అని, ఓజెల్లా ముఖం చూసి, “నేను పాట గురించే అంటున్నా సిస్టర్,” అని గొణిగాడు.

అప్పటికే ముగ్గురు నలుగురు కౌంటర్ మీద చేతులు చాచారు. నాణెం వేస్తే పాట వినిపించే జ్యూక్‌బాక్సులకు రికార్డులు వేసే మనిషి పది కావాలన్నాడు. అమ్మనని చెప్పొచ్చు. చెబితే వీధి చివరి దుకాణంలో కొంటారు, పాట ఆగదు. అమ్మాను.

“అన్నిట్లోకీ ఇదే బాగుంది కదా?” అంది ఓజెల్లా.

అబద్ధం చెబితే ఆమెకు తెలిసిపోతుంది. “ఇదే,” అన్నాను.

“గొంతులో జలుబు ఉంది. చిన్నప్పుడూ అంతే.” చేతిసంచి తెరవబోయింది, వద్దన్నాను. “నాకొకటి పక్కన పెట్టు. మా ఇంట్లో మెషీన్ లేదు. ఇక్కడికొచ్చి వింటాను.”

పాట లౌడ్‌స్పీకర్‌లో మళ్లీ మొదలైంది. అది మోగుతుండగా ఆ జనం మధ్యలోంచి నడవలేక, పూర్తయ్యాక వీధిలోకి వెళ్దామని ఓజెల్లా గుమ్మం లోపలే నిలబడింది. పూర్తయింది. ఆమె గడప మీద కాలు పెట్టేలోగా బయటి నుంచి ఎవరో, “ఇంకోసారి వెయ్, టాలివర్!” అని అరిచారు. నేను వేయలేదు. క్లియోథా చెయ్యి చాచి ముల్లును మొదటికి పెట్టాడు. ఓజెల్లా కాలు వెనక్కి తీసుకుని మళ్లీ నిలబడింది.