రేకుగోడకు ఆవలి వరహాలమ్మ

వైశాఖమాసపు వేకువజామున సముద్రసమీరస్పర్శకైనను నోచుకొనని విశాఖనగరోపాంతమున, తరుచ్ఛాయావిరహితములును అనార్ద్రచత్వరములును అగు నూతన గృహసముదాయములు సున్నపువాసన లీనుచు నిలిచియుండెను. ఇంటింట కొళాయి యున్నచోట నంత పెందలకడ లేచువారెవరు? మూడవ అంతస్తున నున్న సన్యాసమ్మకు మాత్రము ఆ నిశ్శబ్దమువలననే నిద్ర చెడెను.

పూర్వమామె కాపురము మురుగువాగగు గెడ్డయొడ్డున మురికివాడలో. అచ్చట వాన కురిసిన మురుగు మంచపుకోళ్లను ముంచును; ఎండ కాసిన పైకప్పు పెనమువలె కాగును. వీధికొళాయికి నీ రెప్పుడు వచ్చునో దాని నమర్చినవారికే తెలియదు. కావున ముందు మెలకువ వచ్చినవారు గరిటెతో పొరుగింటి రేకుగోడపై కొట్టి లేపుట ఆ వాడవారి కట్టుబాటు. సన్యాసమ్మకును, ఆ రేకునకు ఆవలనున్న వరహాలమ్మకును చిరకాలము ఆ చప్పుడే పలకరింపు. ఒకరు జ్వరపడిన రెండవవారు బిందె నింపిరి. పస్తున్ననాడు గంజి పంచుకొనిరి. వాడను తొలగించి చీట్లు తీసి యిండ్లు పంచినపుడు వరహాలమ్మకు నగరపు మరియొక కొసను ఇల్లు వచ్చెను. పాచిపనులు చేసి బ్రతుకు ఆ యిరువురకును అంతదూరము పోయి చూచు తీరిక యేది? సన్యాసమ్మకు బెంగ పట్టుకొనెను. ఈ యిల్లు తనకు వలదనియు, గెడ్డయొడ్డుననే గోనెపట్టా కప్పుకొని బ్రతుకుదమనియు భర్తతో తెగేసి చెప్పెను. నెలాఖరువరకు ఓర్చుకొమ్మని ఆతడు బ్రతిమాలెను.

ఆ వేకువ నిద్రమత్తు వీడకయే ఆమె గరిటె యందుకొని గోడపై టకటక కొట్టెను. సిమెంటుగోడ మొద్దుగా మ్రోగినంతనే తెలివి వచ్చి నాలుక కరచుకొనెను. ఇంతలో తలుపు చప్పుడయ్యెను. ఎల్లవేళల తలుపు మూసికొని యుండు పొరుగింటి యిల్లాలు జగడమునకే వచ్చినదని తలచి సన్యాసమ్మ తలుపు తీసెను.

ఆ యిల్లాలు వీడిన ముడితో, చంకను ఖాళీబిందెతో నిలిచియుండెను.

“నీళ్లొచ్చీసినాయేటమ్మా?”

“నేదమ్మా. వరహాలనుకొని కొట్టీసినాను.”

ఆమె తన బిందెను తాను చూచుకొని సిగ్గుపడెను. “ముందు మేమున్న కొండమీద కూడా ఇలాగే లేపుకునేవోలం,” అనుచుండగనే కన్నులు చెమర్చెను.

నగరపు ఆ కొసను వరహాలమ్మ యే గోడను తట్టుచున్నదో యని సన్యాసమ్మ ప్రాణము కొట్టుకొనెను. పిదప ఆ బిందెను అందుకొని, తన కొళాయిక్రింద నిండుగ పట్టి యామె చంక కెత్తెను. తన యింటను కొళాయి యున్నదని ఆమెయు అనలేదు.