కాలరమ్మ వంతు

ఆ భవనంలో ఇల్లు అమ్ముకోవాలనుకున్న వాళ్ళందరి తాళాలూ నాలుగో అంతస్తులో, ఒకే గోడకు, ఒకే మేకుకు వేలాడుతుండేవి. అందుకే ఆ ఇంటావిణ్ణి చిన్నా పెద్దా అందరూ తాళాల వదిన అనేవారు. పగలు ఇంటిపట్టున ఉండే మనిషి ఆమె ఒక్కతే. ఉండక తప్పదు మరి. బస్సు డ్రైవరుగా పనిచేసిన ఆమె భర్తకు పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయింది. లిఫ్టు లేని భవనంలో నాలుగో అంతస్తు నుంచి ఆయన దిగాలంటే, కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మగవాళ్ళు మోయాలి. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజున భవనంలోని మగవాళ్ళు మోసేవారు, పాపం, ఒక్కరు కూడా విసుక్కోకుండా. మిగతా రోజులన్నీ ఆయనకు ఆ రెండు గదులే లోకం.

"ఈ కాలు బతకాలంటే రోజూ నేల మీద నడిపించాలమ్మా. మీ గదుల్లో నాలుగడుగులు వేస్తే గోడ తగులుతుంది. కింద ఇల్లు చూసుకోండి. ఇలాగే కూర్చోబెట్టారంటే కట్టెలా బిగుసుకుపోతుంది. అప్పుడు నా దగ్గరికి తెచ్చినా లాభం లేదు" అని డాక్టరు ముఖం మీదే చెప్పాడు.

కింద ఇల్లు కొనాలంటే పై ఇల్లు అమ్మాలి. పై ఇల్లు అమ్మాలంటే కొనేవాడు దొరకాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ వీధి మొత్తం చొక్కాల ఫ్యాక్టరీని నమ్ముకుని బతికేది. ఫ్యాక్టరీ పెరుగుతున్న రోజుల్లో అందరూ ఎగబడి, అప్పులు చేసి ఇళ్ళు కొన్నారు. ఫ్యాక్టరీ వాళ్ళు రాత్రి షిఫ్టు ఎత్తేసిన ఏడాది అందరూ ఒక్కసారే అమ్మకానికి పెట్టారు. బాల్కనీలకు ఆరేసిన బట్టల్లా బోర్డులు వేలాడాయి. చూడవచ్చినవాళ్ళు గేటు దగ్గరే ఆగి, "బిల్డింగ్ ఏమైనా కూలిపోతోందా? అందరూ పారిపోతున్నారేంటి?" అని అడిగి, సగానికి సగం బేరమాడి, ఆపైన ఫోన్లు ఎత్తడం మానేసేవారు.

అప్పుడు భవనం సంఘం ప్రెసిడెంటుగారు అందరినీ మేడ మీదికి పిలిచారు. ఫ్యాక్టరీలో లెక్కలు రాసి రిటైరైన మనిషి. కోపమొచ్చినా సంతోషమొచ్చినా కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు.

"ఇవాళ్టి నుంచి గేటుకు ఒక్కటే బోర్డు. నెలకొక ఇంటి వంతు, చీటీలేసి తేలుద్దాం. ఆ నెల ఆ ఇల్లొక్కటే అమ్మకానికుంది. మిగతావాళ్ళకు అసలు అమ్మే ఉద్దేశమే లేదు, ఎవరడిగినా సరే. అందరిదీ ఒకటే ధర, దమ్మిడీ తగ్గకూడదు. ఒకళ్ళు తగ్గిస్తే అందరి కొంపా కొల్లేరే. మిగతా ఇళ్ళవాళ్ళు హాయిగా కాపురం చేసుకుంటున్నట్టు కనిపించాలి. అర్థమైందా?"

"హాయిగా కాపురం చేసుకుంటున్నట్టు కనిపించడం మాకేమన్నా కొత్తా సార్?" అంది రెండో అంతస్తు ఆవిడ. మేడంతా గొల్లుమంది. కళ్ళజోడు తుడుచుకుంటూ ప్రెసిడెంటుగారు కూడా నవ్వారు.

ఆవిడ పేరు కాలరమ్మ. అంటే, అసలు పేరు అది కాదు. ఫ్యాక్టరీలో కాలర్లు తప్ప ఇంకేమీ కుట్టదు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. భర్త పోయాక కూతురితో ఉంటోంది. ఇంటి వాయిదాలు తప్పాయి. బ్యాంకువాళ్ళు కొంత గడువిచ్చి, "ఈలోగా మీరే అమ్మి మా బాకీ తీర్చండి, లేదంటే మేమే వేలం వేస్తాం" అని చెప్పి వెళ్ళారు. అనుకున్న ధరకు అమ్మితే బాకీ తీరి, ఒక గదికి అడ్వాన్సు కట్టుకోవడానికి కాస్త మిగులుతుంది. చీటీల్లో ఆమె వంతు ముందే వచ్చింది. తాళాల వదినది అందరికన్నా ఆఖరున వచ్చింది.

"బాధపడకు వదినా. నాది తేలిపోతే తర్వాతి వాళ్ళవి వరసగా తేలిపోతాయి. అన్నయ్యని కిందికి దించే రోజున కుర్చీ నేనూ ఓ పక్క పడతా" అంది కాలరమ్మ, తన తాళం తెచ్చి మేకుకు తగిలిస్తూ.

తాళాల వదిన పని నిజాయితీగానే చేసింది. చూడవచ్చినవాళ్ళకు కిటికీలు తెరిచి, లైట్లన్నీ వేసి, కుళాయి తిప్పి చూపించేది. "పైన ఇంకేమైనా అమ్మకానికున్నాయా?" అని వాళ్ళడిగితే, "లేవండీ, ఇక్కడ ఎవరూ కదలరు" అనేది. మొదట్లో ఆ మాట అనడం కష్టంగా ఉండేది. తర్వాత నోరు దానంతటదే అనేసేది.

పైన మాత్రం ఆయన మారిపోతున్నాడు. మొదట్లో జోకులేసేవాడు. "నా బస్సు నాలుగో అంతస్తులో బ్రేక్‌డౌనైంది, మెకానిక్కుకి ఫోన్ కొట్టవే" అనేవాడు. కిటికీ దగ్గర కూర్చుని వచ్చే పోయే బస్సుల్ని తిట్టేవాడు: "చూడు వాడు, మూలమలుపులో ఎలా కోశాడో! వీడికి స్టీరింగ్ ఎవడిచ్చాడు?" ఈ మధ్య కిటికీ దగ్గరికి జరపమనడం లేదు. ఆ ఉదయం ఆమె కాలు కడుగుతుంటే, పక్కింటివాళ్ళ సామాను చూసినట్టు చూశాడు ఆ కాలు వైపు. మోకాలు వంచబోతే వంగలేదు. నొప్పెడుతోందా అని అడిగింది.

"లేదు. అదే కదా" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే బ్రోకరు ఫోన్ చేశాడు. "అక్కా, మొగుడూ పెళ్ళాల్ని పంపుతున్నా. నేనింకోచోట ఇరుక్కుపోయాను, నువ్వే చూపించు. మంచి పార్టీ, డబ్బు చేతిలో ఉంది."

ఇద్దరూ కుర్రవాళ్ళే. అతను ఫోన్లు బాగుచేస్తాడట, ఆమె బళ్ళో టీచరట. కాలరమ్మ ఇంట్లో ప్రతి వస్తువూ మడత పెట్టినట్టుంది. కూతురి పుస్తకాలకు కూడా వరస తప్పలేదు. తాళాల వదిన చెప్పాల్సినవన్నీ చెప్పింది. నీళ్ళకు లోటు లేదంది, ఇరుగుపొరుగు మంచివాళ్ళంది. టీచరమ్మాయి కిటికీ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో పక్క భవనం గోడ.

"ఇక్కడా లైటు వేసుకోవాల్సిందేనా? ఇప్పుడుండే చోట పట్టపగలు కూడా లైటేనండీ. పిల్లల నోటుపుస్తకాలు దిద్దీ దిద్దీ నా కళ్ళు పోతున్నాయి" అంది దిగులుగా. తర్వాత మొగుడి వైపు తిరిగి, "అయినా ఇల్లు బాగుంది కదా? ఈ ధరకు ఇంతకన్నా ఏం వస్తుంది? తీసేసుకుందాం" అంది.

అతను తలాడించాడు. బయటికి వస్తూ, ఊరికే అడిగినట్టు అడిగాడు. "అక్కా, పైన ఏమైనా ఉందా? వెలుతురుండేది?"

లేదండీ, ఇక్కడ ఎవరూ కదలరు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. తాళం తిప్పుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. మెట్ల మీద ఆ ముగ్గురే ఉన్నారు. కాలరమ్మ ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతోంది.

"ఉంది, రండి" అంది.

నాలుగో అంతస్తులో తలుపు తెరవగానే ఎండ గడప దాకా వచ్చి పడి ఉంది. ఆ అమ్మాయి గది మధ్యకు వెళ్ళి, అలాగే నిలబడిపోయింది. మొగుడు మాత్రం కుర్చీలో ఉన్న మనిషిని, ఆయన కాలిని, కుర్చీకి మోయడానికి కట్టిన కర్రల్ని చూశాడు.

వాళ్ళు వెళ్ళాక భర్త అడిగాడు. "వీళ్ళు మనిల్లు చూడటానికి వచ్చారా? మన వంతు ఇప్పుడే కాదు కదే?"

"కాలరమ్మ తన వంతు మనకిచ్చింది."

"ఆవిడ పీక మీదే కత్తి ఉంది కదా!"

"ఇచ్చింది. మీ కాలి సంగతి చెప్పాను."

ఆయన కుడిచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "సొంత చెల్లెలుంటే ఇచ్చేదా? చెప్పు" అన్నాడు. సాయంత్రం కిటికీ దగ్గరికి జరపమన్నాడు.

మర్నాడు బ్రోకరు ధర తెచ్చాడు. అందరూ అనుకున్న దానికి బాగా తక్కువ. "లిఫ్టు లేదంటున్నారక్కా. పైగా..." అని నసిగాడు. "మీకు తొందరుందని కనిపెట్టేశారు. వద్దంటే వాళ్ళు రెండో అంతస్తుదే తీసుకుంటారు. నువ్వే చెప్పు."

వద్దంటే కాలరమ్మ ఇల్లు, అందరూ అనుకున్న ధరకే, అమ్ముడయ్యేది. ఆ సంగతి తెలిసే ఆమె సరేనంది.

తనకొచ్చిన ఆ తక్కువ డబ్బుకు ముందు అనుకున్న ఇల్లు రాదు. ఎక్కడో సందు చివర, నేల మీద, ఒక గది దొరికింది. గుమ్మం ముందు నడవడానికి కాస్త చోటుంది. అది చాలనుకుంది.

మాట వీధంతా పాకడానికి ఎంతసేపు? కాలరమ్మ ఇల్లు చూడటానికి వచ్చిన ప్రతివాడూ, "పైది అంతకే ఇచ్చారట కదా, మీకెందుకు ఎక్కువ?" అన్నాడు. బ్యాంకు తరఫున విలువ కట్టడానికి వచ్చినతను కూడా నాలుగో అంతస్తు రిజిస్ట్రేషను చూసి, దాన్నే పట్టుకున్నాడు. ఆ లెక్కన ఇల్లు అమ్మినా బాకీ తీరదు. ఇల్లూ పోతుంది, బాకీ మిగులుతుంది.

ఒక సాయంత్రం కాలరమ్మ పైకొచ్చింది. తలుపు బయటే నిలబడింది. తాళాల వదిన బయటికొచ్చి, వెనక తలుపు దగ్గరగా వేసింది.

"నా ఇల్లు చూపించమని తాళమిచ్చాను వదినా. నీ ఇల్లు చూపించమని కాదు."

"ఆయన కాలు..."

"తెలుసు. నాకు తెలియదా? నన్నొక్కమాట అడిగుంటే?"

"అడిగితే ఇచ్చేదానివా?"

కాలరమ్మ కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ఏమో, ఇచ్చేదాన్ని కాదేమో. తిట్టుకునేవాళ్ళం. ఎదురుగా తిట్టుకునేవాళ్ళం" అంది. చెయ్యి చాపితే తాళాల వదిన లోపలికెళ్ళి తాళం తెచ్చిచ్చింది. కాలరమ్మ తిరగబోతుంటే కొంగు పట్టుకుంది.

"ఆయనకు తెలియదు. నువ్వే వంతు ఇచ్చావని చెప్పాను. చెప్పకమ్మా."

"అదీ నేనే మొయ్యాలా?" అంది కాలరమ్మ. కొంగు లాక్కుని దిగిపోయింది.

మర్నాటి నుంచి మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి, తమ తాళాలు తీసుకుపోయారు. ప్రెసిడెంటుగారు కూతురి చేత కబురు పెట్టి తెప్పించుకున్నారు.

ఇల్లు ఖాళీ చేసే రోజు సెలవు రోజే. సామాన్ల బండి గేటు దగ్గర ఆగింది. కూలీలు బీరువా, మంచం, వంటసామాను దించేశారు. కుర్చీ మోయమని అడిగితే వెనక్కి తగ్గారు. "మనుషుల్ని మోసే పని మాది కాదమ్మా. జారితే ఎవరు జవాబు చెప్పుకుంటారు?"

"మనవాళ్ళేరీ?" అన్నాడు ఆయన, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మం దగ్గర.

"ఓవర్‌టైమట, వెళ్ళారు."

"షిఫ్టే ఎత్తేసినోళ్ళు ఓవర్‌టైమ్ ఇస్తున్నారా?"

ఆయనే కుర్చీలోంచి మెల్లగా కిందికి జారాడు. మొదటి మెట్టు మీద కూర్చున్నాడు. కుడిచేయి ఆనించి, ఒళ్ళు ఎత్తి, తర్వాతి మెట్టు మీదికి జారాడు. ఆమె ముందు నిలబడి, బిగుసుకున్న ఎడమకాలును రెండు చేతులా ఎత్తి, మెట్టు మెట్టుకూ దింపుతూ వచ్చింది. ఇస్త్రీ చొక్కా గోడకు రాసుకుని సున్నమైంది. మూడో అంతస్తులో టీవీ మోగుతోంది. వీళ్ళు దగ్గరికి రాగానే ఎవరో తగ్గించారు. తలుపు మాత్రం తెరవలేదు.

"ఓవర్‌టైము టీవీ చూస్తూ చేస్తున్నారు కాబోలు" అన్నాడు రొప్పుతూ. నవ్వలేదు.

రెండో అంతస్తుకు వచ్చేసరికి ఒళ్ళంతా చెమట. ఆమె ఆగనివ్వకుండా కాలు ఎత్తబోయింది. ఆయన చెయ్యడ్డం పెట్టాడు.

"చెల్లెమ్మకు చెప్పకుండా పోతామా?"

"ఇంట్లో లేదండీ."

"చెప్పులున్నాయి." ఆయన గట్టిగా పిలిచాడు. "చెల్లెమ్మా!"

తలుపు తెరుచుకుంది. కాలరమ్మ చేతిలో చీపురు ఉంది. వెనక గదిలో కూతురి పుస్తకాలు మూటలు కట్టి ఉన్నాయి. నేల మీద కూర్చున్న మనిషిని చూసింది. ఆయన కాలు పట్టుకుని ఉన్న ఆమెను చూసింది.

"వెళ్ళొస్తాం తల్లీ. నీ వంతు నాకిచ్చావు. ఈ కాలు నేల మీద పెట్టిన ప్రతిరోజూ నీ పేరు తలుచుకుంటా. నీదీ త్వరగా అమ్ముడవాలి" అన్నాడు ఆయన. చేతులు జోడించబోయాడు. ఎడమచేయి లేవలేదు. ఒక్క చేయే గుండెకు ఆనించుకున్నాడు.

తాళాల వదిన తల ఎత్తలేదు. ఎదురు మాట కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని ఉంది.

కాలరమ్మ చీపురు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. పెదవులు కదిలాయి. కాసేపటికి, "మెట్లు జాగ్రత్త అన్నయ్యా. కింద ఒక మెట్టు అంచు విరిగింది" అంది. తలుపు వేసేసింది. చప్పుడు రాకుండా, మెల్లగా వేసింది.

ఆయన రెండు మెట్లు దిగాడు. ఆగాడు. తల గోడకు ఆనించి, మూసిన తలుపు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆవిడ ఇవ్వలేదు కదూ" అన్నాడు.

ఆమె చేతుల్లో ఆయన కాలుంది. కిందపెట్టడానికి లేదు, వదలడానికి లేదు.

"ఇవ్వలేదు" అంది.

పైన వాళ్ళ ఇంట్లో, పొద్దున్నే తాళం తీసుకోవడానికి వచ్చిన కొత్తవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. మంచం ఎటు వెయ్యాలో తేల్చుకుంటున్నారు. ఆయన పైకి చూశాడు, కిందికి చూశాడు. గేటు దగ్గర బండివాడు విసుగ్గా హారన్ కొట్టాడు.

ఆయన కుడిచేయి మెట్టుకు ఆనించి, ఒళ్ళు ఎత్తి, ఇంకో మెట్టు దిగాడు.