మీటర్ల అలమర

ఇస్త్రీపెట్టె ఉన్నట్టుండి చల్లబడింది. ఫ్యాను ఆగిపోయింది. ఎదురు వాటాలో టీవీ మోగుతూనే ఉంది కాబట్టి పోయింది తమ ఫ్యూజేనని సంచుల అక్కయ్యకు అర్థమైంది.

ఆ పేరు ఆ మూడంతస్తుల భవనం వాళ్ళు పెట్టిందే. పాత కర్టెన్లు, దుప్పట్లు కత్తిరించి పన్నెండు వాటాలకూ పన్నెండు సంచులు కుట్టి పంచింది. ఒకరిది ఒకరికి మారిపోకుండా ప్రతి సంచి మీదా ఎర్రదారంతో వాటా నంబరు కుట్టింది. రెండు నెలలు తిరిగేసరికి మెట్లెక్కే ప్రతి చేతిలోనూ గుడ్డసంచే. సాయంత్రాలు మెట్ల వైపు బాల్కనీలో బట్టలు తీస్తూ అది చూసి మురిసిపోయేది. ఇన్నాళ్ళయినా సంచుల మడతలు నలగలేదు, అడుగున మట్టి మరకైనా లేదు. ఎంత శుభ్రంగా వాడుకుంటున్నారో అనుకునేది.

రేపు పక్క భవనంలో ఆడవాళ్ళంతా కలుస్తున్నారు. జనం చేత ప్లాస్టిక్ ఎలా మాన్పించారో చెప్పమని ఆమెను పిలిచారు. డిగ్రీ పుచ్చుకున్న ఇరవై ఏళ్ళకు నలుగురిలో నిలబడి మాట్లాడబోవడం ఇదే మొదటిసారి. రెండు కాగితాలు రాసుకుంది. నేల మీద ప్రేమ, పిల్లల భవిష్యత్తు, నచ్చజెప్పే ఓర్పు, అన్నీ అందులో ఉన్నాయి.

ఫ్యూజు పోతే ఎప్పుడూ వాళ్ళాయనే దిగుతాడు. "నువ్వు దిగకు, నేను చూస్తాగా" అంటాడు. ఈవేళ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. ఫ్యూజు తీగ, చిన్న కత్తెర పట్టుకుని ఆమే దిగి, మెట్లకింద మీటర్ల అలమర తలుపు లాగింది.

ప్లాస్టిక్ కవర్లు జలజలమంటూ ఆమె పాదాల మీద పడ్డాయి. నల్లవి, తెల్లవి, కూరల కొట్టువి, మందుల షాపువి. లోపల మేకులకు వరసగా ఆమె కుట్టిన సంచులు వేలాడుతున్నాయి. పన్నెండూ. ఏడో నంబరు ఆమె ఇంటిదే. పొద్దున ఆయన చంకలో పెట్టుకుని ఆఫీసుకు బయల్దేరిన సంచి.

అక్కడే మెట్టు మీద కూలబడింది.

అంతలో గేటు చప్పుడైంది. ఆయనే. చేతిలో నల్ల కవరు, అందులో టమాటాలు. అడుగు ముందుకు పడలేదు.

"ఫ్యూజు పోయిందా?" అన్నాడు చివరికి.

"దాని సంగతి తర్వాత. ఏడో నంబరు ఇక్కడుందేం?"

"ఆఫీసుకు పూలపూల దుప్పటి సంచి మోసుకెళ్తే నవ్వరుటే? సాయంత్రం కొట్టు ముందు నిలబడ్డాక సంచి గుర్తొస్తుంది. గేటు దగ్గరకొచ్చాక నువ్వు గుర్తొస్తావు. ఇక్కడ కవర్లోవి సంచిలోకి మార్చుకుని పైకొస్తాం."

"నేనేం చేశానని?"

"ఏం చెయ్యవు. పైనుంచి చూస్తుంటావు. పైగా నంబర్లు కుట్టావాయె. ఎవరు తెచ్చారో, ఎవరు తేలేదో హాజరు వేసుకుంటున్నావని అందరికీ హడలు."

ఆమె ఎర్రదారం అంకెల వైపు చూసింది. మారిపోకుండా కుట్టిన నంబరు. ఇంతమంది చేత సంచి పట్టించింది నేల మీద ప్రేమ కాదు, తన మీద భయం. అదీ ఇక్కణ్ణించి ఇంటి గుమ్మం దాకానే.

మూడో అంతస్తు టీచరమ్మ స్కూటరు ఆపి హడావుడిగా లోపలికొచ్చింది. ఇద్దరినీ చూసి తెల్ల కవరు వీపు వెనక్కి దాచింది.

"అక్కయ్యగారూ, ఇదీ... ఇవాళ ఒక్కరోజే."

"ఆ ముక్క ఈ కుప్పకు చెప్పండి" అన్నాడాయన.

ఎవరూ నవ్వలేదు. సంచుల అక్కయ్య లేచి పదకొండో నంబరు సంచి అందుకుని, కత్తెరతో ఎర్రదారం తెంపసాగింది.

"రేపేం చెప్తావు మరి?" ఆయన గొంతు తగ్గించాడు.

"ఈ అలమర గురించే."

నంబరు ఊడిన సంచిని టీచరమ్మ ముందు తెరిచి పట్టుకుంది. కవర్లోంచి ఉల్లిపాయలు అందులోకి దొర్లాయి.

"నాకు భయపడకుండా చెప్పండి. ఈ సంచి ఎక్కడుంటే కొట్టు దగ్గర మీ చేతికందుతుంది?"

టీచరమ్మ బయట ఆపిన స్కూటరు వైపు చూసింది. "నా స్కూటరు సీటు కింద. కానీ అక్కయ్యగారూ, మీరు దిండు గలీబంత కుట్టారు. అందులో పట్టదు."

రెండు నెలల్లో ఈ ప్రశ్న తను ఎవ్వరినీ అడగనేలేదు. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"మీ సంగతి?"

"టిఫిన్ డబ్బా పక్కన పట్టాలి" అన్నాడాయన, కాళ్ళ దగ్గరి కవర్లు ఏరుతూ. "పువ్వులు మాత్రం వద్దు."

ఆమె ఏడో నంబరు సంచి మేకు మీంచి తీసింది.