గుంతబంతి దొరలు, కుల్సుమ్‌బీ చెలక

పొద్దుగాల లేవంగనె కుల్సుమ్‌బీ చేసే మొదటి పని, తన చెలక ఏడున్నదో చూసుకునుడు. ముఖం కడుక్కోకముందే, పొయ్యి ముట్టియ్యకముందే అరుగెక్కి నాలుగు దిక్కులు చూస్తది. రాత్రి కుంట దిక్కున్న చెలక తెల్లారెవరకు ఘణపురం గుట్ట పక్కకు జరిగి ఉంటది. లేదంటె బండ్లబాట మీద అడ్డంగ పండుకోని ఉంటది. గప్పుడు బండ్లోళ్లు ఆమె ఇంటి ముందటికొచ్చి మొత్తుకుంటరు.

“బూబమ్మా, నీ చెలక బాటకడ్డం పడ్డది. జర లేపరాదూ!”

“లేపుతున్న తియ్! పొద్దుపొద్దుగాల ఇంటి మీదికొచ్చి ఒర్రుడెందుకు?”

చెప్పులు లేకుంటనే ఉరికి, గట్టు మీద నిలవడి నాలుగు తిట్లు తిడ్తది. తిట్టంగనె మూడెకరాల ఎర్ర చెలక, మీదున్న ఆముదపు చెట్లతోని, కంది సాళ్లతోని సహా మెల్లగ కదిలి పక్కకు జరుగుతది. బండ్లు పోతయి. ఆమె ఇంటికొచ్చి జొన్నరొట్టె కొట్టుకుంటది.

పాలమూరు వానల సంగతి ఎవరికి తెల్వదు? ఈ గట్టు మీద పడ్డ వాన ఆ గట్టు మీద పడదు. మిగిలిన చెలకలన్ని ఉన్నకాడనే నోరు తెరుచుకోని ఎండిపోతయి. కుల్సుమ్‌బీ చెలక మటుకు మబ్బు ఎటు పోతె అటు పోతది. గందుకే కరువుల సుత ఆమె గుమ్మిల నాలుగు గింజలుండేటివి. ఊళ్లె ఎవ్వరు దాన్ని వింతగ చూడలే. పట్వారి ఒక్కడు సణిగేటోడు, ఏటేటా హద్దులు తుడిచి మళ్ల రాయాల్సొస్తున్నదని. మొగడు మౌలాలి పాముకాటుకు పోయి ఆరేండ్లయింది. పిల్లల్లేరు. ఆ చెలక తప్ప ఆమెకు ఇంకో దిక్కు లేదు.

ఇగ ఆ దొరల సంగతి చెప్పాలె. చెప్పాలంటెనే ఒళ్లు మండుతది.

పెద్ద లడాయి మొదలుకాకముందు, ఏటేటా క్రిస్మస్ సెలవులల్ల ఒక గోల్ఫు క్లబ్బోళ్లు మూడు దినాలు ఈ ఊళ్లె దిగేటోళ్లు. పదారు మంది. సగం మంది లష్కర్ దండుల ఉండే తెల్లదొరలు, సగం మంది పట్నంల ఉండే నవాబులు. రెండు జట్లు కట్టి ఆడుతరు, గెలిచిన జట్టుకు వెండికప్పు. ఊరోళ్లు దాన్ని గుంతబంతి ఆట అనేటోళ్లు. ఇనుపముక్కు కర్రతోని నిమ్మకాయంత తెల్లబంతిని కొట్టుకుంట కొట్టుకుంట పోయి గుంతల ఏసుడు. గంతే! దానికి మూడు దినాలు, ఎనిమిది డేరాలు, పాట పాడే డబ్బ, పెట్టెలు పెట్టెలు సీసాలు.

వాళ్లకు ఆట, ఊరికి ఎట్టిచాకిరి. ఇంటికి రెండు కోళ్లు, ఒక మంచం, మోపు కట్టెలు. జంగమ్మ పచ్చి బాలెంత అని సుత చూడకుంట ఆమె పాలబర్రెను తోలుకపోయిండ్రు. ఒళ్లె చంటిపిల్ల పాలకు ఏడుస్తుంటె డేరాల కాడ దొరలు పాయసం తాగిండ్రు. వద్దన్న మొగోనికి పటేలు కొరడా. తూ, గదొక బతుకా!

ఒక ఏడు ఊరి జాగీర్దారు దొరకు ఇంకింత మదమెక్కింది. మొదటి దినం విందుల గ్లాసు పట్టుకోని లేచి నిలవడ్డడట. “ఆఖరి దినం ఆఖరి బంతి ఏ గుంతల పడ్తదో, ఆ గుంత చుట్టున్న చెలక మీ క్లబ్బుకు రాసిస్త. కాయితం తయారున్నది. ఇగ ఏటేటా మీ సొంత నేల మీద ఆడుకోరి,” అన్నడట. అందరు బల్లలు గుద్దిండ్రట. ఆ ఆఖరి గుంత తోడింది కుల్సుమ్‌బీ చెలకల. రేకుడబ్బ పాతి, పచ్చజెండా కర్ర నాటిండ్రు. ఎవని సొమ్ము ఎవడిచ్చుడు!

చెలక కాలు నిలువదని పటేలు హన్మంతుకు తెల్వదా? తెలుసు. గందుకే దొరలు దిగే దినం తెల్లారకముందే నలభై మందిని ఎట్టికి పట్టుకొచ్చి, చెలకల పడ్డడు. కుల్సుమ్‌బీ ఉరికొచ్చేవరకు సగం ఆముదాలు నేల మీదున్నయి. రెండో కాపు గెలలు ఇంకా పచ్చిగనే ఉన్నయి.

“పటేలా! నా నోటికాడి బుక్క గుంజుకుంటున్నవు. నీ చేతులు పడిపోను!”

“దొర హుకుం. నేనేం చెయ్యాలె? పంట కోస్తెనే గద నీ చెలక పండుకుంటది.”

అది నిజమే. పంట కోసినంక ఆ చెలక మూడు దినాలు లేవదు, బాలెంత లెక్క. తిట్టినా లేవదు, బతిమిలాడినా లేవదు. ఆమె గొంతు పోయేదాక తిట్టింది. కాలుతోని తన్నింది. నేల మెదలలే. ఆమెకు దొర మీద కన్న, పటేలు మీద కన్న ఆ చెలక మీదనే ఎక్కువ కోపమొచ్చింది. పటేలు ఆమె చేతుల కుండ పెట్టి, మూడు దినాలు డేరాల కాడ నీళ్లు మొయ్యమన్నడు. చెలక దిక్కు పోతె కాళ్లిరగ్గొడ్తనన్నడు.

మొయ్యక ఏం చేస్తది? మోసింది. దొరలు స్నానం చేసే నీళ్లు, గిన్నెలు కడిగే నీళ్లు, గుర్రాలు తాగే నీళ్లు. మోసుకుంట ప్రతి అడుగుకు ఒక తిట్టు తిట్టింది.

మూడో దినం పొద్దు వాలుతుండగ డేరాలు ఖాళీ అయినయి. అందరు ఆఖరి గుంత కాడికి పోయిండ్రు. ఆడ దొరలకు దూప అయితున్నది, నీళ్లు తెమ్మని కబురొచ్చింది. గట్ల ఆమె మూడు దినాలకు మొదటిసారి తన చెలక గట్టు కాడికొచ్చింది. ఆడ కిష్టయ్య ఒక దొర కర్రల సంచి మోసుకుంట నిలవడ్డడు. ఆమె ఇంటి పక్కోడే, నాలుగేండ్ల నుంచి ఈ ఎట్టిల ఉన్నోడు, ఆట సంగతంత తెలిసినోడు.

“ఏమైతున్నది తమ్మీ?” అనడిగింది.

“రెండు జట్లు సమానంగున్నయి బూబమ్మా. లష్కరోళ్లల్ల ఆ బట్టతల దొర మిగిలిండు, పట్నపోళ్లల్ల ఆ బక్క నవాబు మిగిలిండు. ఎవడు తక్కువ దెబ్బలల్ల గుంతల ఏస్తె వాని జట్టుకు కప్పు. ఇద్దరి బంతులు అగో, నీ చెలకకు ఇరవై అడుగుల అవతల పడ్డయి.”

“ఆ గుంతను పూడ్చిపారేస్తె?”

“నిన్ను సంపుతరు. పొద్దుగాల తోడిన గుంతను ఆట అయ్యేదాక ఎవ్వరు ముట్టొద్దట, మార్చొద్దట. బంతి అండ్ల పడేదాక ఆట ఒడవదట.”

ఆమె చెలక దిక్కు చూసింది. నరికిన ఆముదపు మోళ్లు. నడుమ జెండా. ఆ కొసకు రెండు సాళ్ల కంది, పచ్చగ, కాయలతోని నిలవడి ఉన్నది.

“కంది కొయ్యలేదా?”

“దొరలు దిగంగనె బట్టతల దొర చూసొచ్చి ఆ రెండు సాళ్లు ఉంచమన్నడు. అడ్డం ఏదన్న లేకుంటె ఆటల మజా ఉండదట. తెల్లదొర మాటకు పటేలు ఎదురు చెప్తడా?”

కుల్సుమ్‌బీ కుండ కింద పెట్టింది. కంది నిలవడి ఉంటె పంట ఒడిసినట్టెట్ల? చెలక పండుకున్నదెప్పుడు? పండుకోలే. పండుకోనే లేదు! భయానికి కండ్లు మూసుకోని ముడుచుకున్నది. ఈమె మూడు దినాల నుంచి దొంగల గిన్నెలు కడిగే నీళ్లు మోస్తుంటె, అది మెలకువతోనే ఉండి మెదలకుంట పడ్డది. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. గట్టు మీదికెక్కింది.

“లేవే సిగ్గులేనిదానా! నీ మీది ఆముదాలు నరికితె మెదలకపోతివి. నీ కడుపుల తూటు పొడిస్తె మెదలకపోతివి. ఇంకో గడియకు నిన్ను కాయితం మీద రాసిస్తరు, తెలుసా? మౌలాలి నీ రాళ్లేరి ఏరి గోర్లు ఊడగొట్టుకున్నడు గదనే! గాయన సచ్చిండు, నేనింకా సావలే. లేవ్! నడువు నా ఎన్క!”

పటేలు కొరడా తీసుకోని ఉరికొచ్చేలోపల నేల జలదరించింది. మోళ్లు కదిలినయి, కంది కాయలు గలగలమన్నయి. చెలక లేచింది. కుల్సుమ్‌బీ ఎనకకు తిరిగి చూడకుంట పొద్దుపొడుపు దిక్కు నడిచింది. మూడెకరాల నేల, పచ్చజెండా ఊపుకుంట, ఆమె ఎంబడి నడిచింది.

దొరలు పరేషాన్ అయ్యి నిలవడ్డరు. బట్టతల దొర జేబులకెల్లి చిన్న పుస్తకం తీసి, పేజీలు తిరగేసి, నవాబుతోని ఏదో అన్నడు. నవాబు తల ఊపిండు. గుంతను ఎవ్వరు మార్చలేదు, అదే నడుస్తున్నది. గుంత నడవొద్దని ఆ పుస్తకంల ఏడ రాసి లేదట. ఇద్దరు కర్రలు తీసి బంతులు కొట్టిండ్రు. బంతులు పడ్డకాడికి పోయేవరకు గుంత ఇంకింత దూరం పోయింది. మళ్ల కొట్టిండ్రు.

గట్ల నడిచిండ్రు కోసెడు దూరం. ముందల తిట్టుకుంట కుల్సుమ్‌బీ, ఎన్క ఎడ్లబండి నడకతోని చెలక, దాని ఎన్క ఇద్దరు దొరలు, వాళ్ల ఎన్క పద్నాలుగు మంది దొరలు, సంచులోళ్లు, సీసాల గంపలోళ్లు. చేన్లల్ల ఉన్నోళ్లు పిల్లలను, మేకలను పక్కకు తీసుకున్నరు. “జరుగురి, బూబమ్మ చెలక పోతున్నది,” అని మళ్ల తమ పనిల పడ్డరు. దొరలు మటుకు నవ్వుతున్నరు. ఒకరి భుజాలు ఒకరు చరుచుకుంటున్నరు. వాళ్లకు గదే మజా.

వాగు ఒడ్డు కాడ పటేలు గుర్రాన్ని అడ్డం పెట్టిండు. ఆ వాగే దొర జాగీరుకు హద్దు. అవతల దివాణి ఇలాకా, అంటె సర్కారు నేల, ఆడ దొర మాట చెల్లదు.

“ఆగు బూబమ్మా! దాటినవంటె మళ్ల ఊరి ముఖం చూడవు. నీ ఇల్లు జప్తు. నీ మొగని గోరీ కాడికి సుత రానియ్యం.”

కుల్సుమ్‌బీ ఆగింది. ఎన్క చెలక ఆగింది. ఆ ఇంటి గోడలు తను, మౌలాలి కలిసి మట్టి తొక్కి పెట్టినయి. జుమ్మా జుమ్మాకు గోరీ కాడ ఊదుబత్తి ముట్టిచ్చి, ఆ వారంల చెలక ఏడేడ తిరిగిందో ఆయనకు చెప్పేది. పటేలుకు అదంత తెలుసు. తెలుసు గనుకనే ఆ మాట అన్నడు. ఆమెకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపుకు ఇంకింత కోపమొచ్చింది.

“సచ్చినోన్ని అడ్డం పెట్టి బతికున్నదాన్ని దోస్తరా? మనిషివేనా నువ్వు? మౌలాలి నన్ను అర్థం చేసుకుంటడు. నువ్వు జరుగు!”

గుర్రం బెదిరి పక్కకు జరిగింది. ఆమె నీళ్లల్ల దిగింది. చీలమండ దాక, మోకాలి దాక, నడుము దాక వచ్చినయి నీళ్లు. ఎన్క నుంచి చెలక దిగింది. వాగు పొడుగునా ఎర్రబడ్డది. అవతలి ఒడ్డున రాళ్లు తప్ప గడ్డి సుత మొలవని జాగ మీదికెక్కి, చెలక సర్దుకోని కూసున్నది. కంది సాళ్లు నిలవడే ఉన్నయి.

దొరలు ఇవతలి ఒడ్డు నుంచి కొట్టిండ్రు. బట్టతల దొర బంతి నీళ్లల్ల పడ్డది. నవాబు బంతి వాగు దాటింది. ఆయన బూట్లిప్పి, లాగు మడిచి, కిష్టయ్య భుజం పట్టుకోని వాగు దాటిండు. ఇంకో రెండు దెబ్బలకు బంతి గుంతల పడ్డది. ఇవతలి ఒడ్డు మీద చప్పట్లు. సీసాలు తెరిచిండ్రు. గిసొంటి ఆట విలాయత్ల సుత ఆడలేదని బట్టతల దొర అన్నడట. తడిసిన చీరెతోని వణుక్కుంట గట్టు మీద కూసున్న ఆడమనిషి దిక్కు ఒక్కడంటె ఒక్కడు చూడలే.

నవాబు చేతులు తుడుచుకుంట వాగు అవతలికి కేకేసిండు. “పటేల్, ఆఖరి బంతి పడింది. దొర చెప్పిన కాయితం ఏది? ఈ నేల మాదే గదా?”

పటేలు గుర్రం దిగిండు. “హుజూర్, అది దివాణి ఇలాకా. ఆడ మా దొర పిడికెడు మట్టి సుత రాసియ్యలేడు.”

నవాబు పకపక నవ్విండు. “పోనీ తియ్. వచ్చే ఏడు ఇంకో ఊరు చూసుకుంటం,” అన్నడు. గంతే. నలభై మంది ఎట్టి, జంగమ్మ బర్రె పాలు, ఒక మనిషి ఇల్లు, అన్ని కలిపి ఆయన నోట్ల ఒక నవ్వు. కప్పు ఎత్తుకోని, పాటలు పాడుకుంట అందరు డేరాల దిక్కు మళ్లిండ్రు.

కిష్టయ్య ఒక్కడు ఎన్క ఉండిపోయిండు. “బూబమ్మా, ఇప్పుడెట్ల?”

“దండెం మీద దుప్పటున్నది, పొయ్యి కాడ రొట్టెల పెంక ఉన్నది. జప్తు చేసేలోపల తెచ్చియ్యి. జుమ్మా దినం మౌలాలి కాడ ఒక ఊదుబత్తి ముట్టియ్యి. చెలక వాగు దాటిందని చెప్పు. ఇంకేం అడగకు తమ్మీ, నాకు దుఃఖమాగదు.”

తెల్లారి దివాణి పట్వారి బాలస్వామి వచ్చిండు. చెలక చుట్టు ఒక చుట్టు తిరిగి, మట్టి చేతుల తీసుకోని చూసిండు.

“మంచి నేల. నిన్న ఈడ లేదే. ఎప్పుడొచ్చింది?”

“నిన్న పొద్దుమీకి.”

“ఎవరిది?”

“నాది.”

“మొగోళ్ల పేరు చెప్పమ్మా. కొడుకో, మరిదో ఎవరన్న...”

“మొగోళ్లెవరు లేరు. నరికినప్పుడు నరికింది నా పంట, నడిచొచ్చింది నా ఎన్క. కుల్సుమ్‌బీ అని రాయి.”

బాలస్వామి ఆమె ముఖం చూసి కలం తీసిండు. రాసి, ఒకసారి పైకి చదివిండు. ఆమె పేరు ఒక్కటే ఉన్నది, ముందట ఎనక ఎవ్వరి పేరు లేదు.

“రాస్తివి గద, ఇగ పో. నాకు పనున్నది,” అన్నది కుల్సుమ్‌బీ. జెండా పీకి అవతల పారేసింది. మోకాళ్ల మీద కూసోని రేకుడబ్బ పెరికింది. రెండు చేతులతోని మట్టి గుంజి, తిట్టుకుంట, గుంతను పూడ్చబట్టింది.