కోట గుమ్మంలో తాడు

జెండా పండుగ వస్తోందంటే మా కొట్టులో నీలం గుడ్డ, ఎర్ర గుడ్డ తప్ప మరో రంగు కనిపించదు. కాప్ పట్నంలో రేవు వెనక సందులో ఉంటుంది ఇదమీజ్ అక్క కుట్టు కొట్టు. ఆమె దగ్గర మేము ఏడెనిమిది మంది ఆడవాళ్ళం మిషన్లు తొక్కుతాం. ఆ ఏడాది బడులవాళ్ళ జెండాలన్నీ కుట్టి పంపేశాక అక్క కత్తెర బల్లమీద పడేసి, నడుం పట్టుకుని లేచింది.

"కుట్టింది చాలు. పండుగనాడు మోటారు బండి మాట్లాడుకుని ఈ దేశం ఎక్కడ పుట్టిందో చూసొద్దాం."

"జెండా పుట్టింది అర్కాయేలో కదక్కా?" అన్నాను.

"ఆ దారిలో తుపాకులు పట్టుకుని ముఠాలున్నాయి. జెండా చూద్దామని పోతే శవాలై వస్తాం. మన వైపు ఉన్నవి చూద్దాం. వెర్తియేర్ యుద్ధభూమి, మిలో ఊళ్ళో క్రిస్టోఫ్ రాజు భవనం, ఆ పైన ఆయన కోట."

యాత్ర మాకోసం కాదని అందరికీ తెలుసు. అది ఆమె తమ్ముడు ఫెనెలూస్ కోసం.

ఫెనెలూస్ కుర్రతనంలోనే సరిహద్దు దాటి పక్క దేశం వెళ్ళాడు. అక్కడ చెరుకు కొట్టాడు, మేస్త్రీ పని నేర్చాడు, పెళ్ళాడాడు, కూతుర్ని కన్నాడు. ఒకరోజు ఇంటి పక్కనే గోడ కడుతుంటే అక్కడి సైనికులు వచ్చి, చేతులకి సిమెంటు ఆరకముందే జబ్బ పట్టుకు లాగి, పశువుల్ని తోలినట్టు బోను లారీలో ఎక్కించి సరిహద్దు వంతెన దగ్గర దింపేశారు. భార్యా కూతురూ అక్కడే ఉండిపోయారు. అప్పటినుంచి కొట్టు వెనక గదిలో కూర్చుని ఉంటాడు. రేడియోలో జాతీయగీతం వస్తే లేచి వెళ్ళి కట్టేస్తాడు. నోరు తెరిస్తే విషమే.

"నువ్వు ఎవరి బిడ్డవో నీకు చూపిస్తానురా," అంది అక్క, బండి ఎక్కిస్తూ.

"చూపించు. ఇన్నాళ్ళూ తెలియక తెగ బెంగపడ్డాను."

వెర్తియేర్‌లో విగ్రహాల కింద పూలదండలు పడి ఉన్నాయి. బడిపిల్లలు వరస కట్టి నిలబడ్డారు. అక్క తమ్ముడి చొక్కా పట్టుకుని ముందుకు లాక్కెళ్ళింది.

"ఇదిగో, ఇక్కడే. బానిసలుగా ఉన్న మనవాళ్ళు ఫ్రెంచివాళ్ళ ఫిరంగులకి ఎదురెళ్ళారు. నాయకుడి గుర్రం కూలిపోతే ఆయన కాలినడకన ఎదురెళ్ళాడు. చూశావా?"

"చూశాను. అందరూ రాయైపోయారు. అందుకే వీళ్ళకి ఆకలెయ్యదు."

మాలో ఇద్దరు కిసుక్కున నవ్వారు. అక్క నవ్వలేదు.

మిలోలో రాజభవనం దగ్గర కూడా అంతే. పైకప్పు పోయిన గోడలు, నడుమ పెద్ద మెట్లు. ఆ మెట్లమీద మేకలు పడుకుని నెమరేస్తున్నాయి. "కప్పు లేని కొంప చూడ్డానికి ఇంతదూరం రావాలా? మన సందు చివర బోలెడున్నాయి," అన్నాడు ఫెనెలూస్. అక్క పెదవులు బిగించింది. అలా బిగించిందంటే మేము మిషన్ చప్పుడు కూడా తగ్గిస్తాం. వాడికి అవేం పట్టవు.

బండి ఆగేచోటునుంచి కోటకి నిట్టనిలువు ఎక్కుడు. గుర్రాలవాళ్ళు వెంటపడ్డారు. "ఎక్కమ్మా, నీ మోకాళ్ళు నీకు దక్కుతాయి!" అక్క వద్దంది. అయినా ఇద్దరు పైదాకా మా వెనకే వచ్చారు. అక్క తలగుడ్డ కొసతో చెమట తుడుచుకుంటూ, ప్రతి మలుపులో ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కింది. ఆఖరి మలుపు తిరిగేసరికి కోట ఓడ ముక్కులా మామీదికి వచ్చింది. అందరం నిలబడిపోయాం. ఫెనెలూస్ కూడా తలెత్తి చూశాడు.

గుమ్మం దగ్గర పసుప్పచ్చ తాడు కట్టి ఉంది.

తాడుకి అవతల పెద్ద పెద్ద దీపాలు, గొడుగులు, రాణుల్లా గౌన్లు తొడుక్కున్న సన్నటి అమ్మాయిలు. ఏదో కొత్త హోటల్ ప్రకటనకి ఫోటోలు తీస్తున్నారట. నల్ల కళ్ళద్దాల కాపలావాళ్ళు ఇద్దరు. చెవిలో తీగ పెట్టుకున్న ఒక పిల్ల మాకు ఎదురొచ్చి ఫ్రెంచిలో చెప్పింది.

"ఇవాళ మూసేశాం. రేపు రండి."

అక్క మా క్రియోల్ భాషలోనే అడిగింది. "ఎవరు మూశారమ్మా?"

"మాకు అనుమతి ఉంది."

"ఇవాళ జెండా పండుగ. పొద్దున్నుంచి ఎండలో తిరిగి, కొండెక్కి వచ్చాం. ఓ మూలనుంచి చూసి పోతాం."

"కుదరదు. అదిగో, మీరు ఫోటోలో పడుతున్నారు. కాస్త పక్కకి జరగండి."

వెనక ఫెనెలూస్ నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇదేనా అక్కా నువ్వు చూపిస్తానన్నది? చూశాను. బ్రహ్మాండంగా ఉంది. పద, ఇంటికి పోదాం."

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్లమీదా, తమ్ముడిమీదా, ఎవరిమీద ఎంతో నాకు తెలియదు. "నేను ఫోటోలో పడుతున్నానా?" అంది. "నేనా? నా కోటలో నేనా?" అంటూ తాడు ఎత్తి కిందనుంచి వంగి దూరింది. కాపలావాడు ఆమె జబ్బ పట్టుకుని మెలితిప్పాడు. తలగుడ్డ ఊడి మట్టిలో పడింది. అరవై ఏళ్ళ మనిషి నెరిసిన జుట్టు అందరిముందూ బయటపడింది.

నవ్వు ఆగిపోయింది. ఫెనెలూస్ తాడు తెంపుకుని వెళ్ళిన తీరు నేను చూశాను, కానీ చెప్పమంటే చెప్పలేను. మేస్త్రీ చెయ్యి. ఒక్క దెబ్బకి కాపలావాడు దీపపు స్తంభంతో సహా వెల్లకిలా పడ్డాడు. గాజు భళ్ళుమంది. రెండోవాడు వెనకనుంచి వచ్చి ఫెనెలూస్‌ని పడేసి తన్నసాగాడు. అప్పుడు మేమూ దూకాం. నా చేతిలో గొడుగు ఉంది. అది విరిగేదాకా వాడాను.

పోలీసులు వచ్చి ఫెనెలూస్‌నే పట్టుకున్నారు. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోపెట్టుకుని కిందికి తీసుకుపోయారు. అక్క తలగుడ్డ దులిపి కట్టుకుంది. తాడు తెగి ఉంది, గుమ్మం తెరిచి ఉంది, అడ్డుపడేవాడు లేడు. ఆమె అటు చూడనైనా చూడలేదు. కొండ దిగడం మొదలెట్టింది. మేము పరుగులాంటి నడకతో వెనకే.

ఠాణాలో సార్జెంటు లావుపాటి మనిషి, చెమటతో తడిసిపోయి ఉన్నాడు. చెవి తీగ పిల్ల కారులో వచ్చి కుర్చీలో కూర్చుంది. కేసు వద్దంట, అందరిముందూ క్షమాపణ చెబితే చాలంట.

"చెప్పేసి పో నాయనా," అన్నాడు సార్జెంటు. "ఒక్క మాట. నాకూ భోజనం వేళ అయింది."

ఫెనెలూస్ పెదవి వాచి ఉంది. మాట ముద్దగా వచ్చింది. "అక్కడా ఇదే అడిగారు సార్. వాళ్ళ నేలమీద నిలబడినందుకు తప్పయిందని చెప్పమన్నారు. చెప్పాను. నా కూతురు చూస్తుండగా చెప్పాను. ఇక్కడ చెప్పను. చంపినా చెప్పను."

అక్క చొక్కా చెయ్యి పైకి మడిచి, జబ్బని సార్జెంటు ముఖం ముందు పెట్టింది. వేళ్ళ గుర్తులు కమిలి కనిపిస్తున్నాయి.

"వాడు చెప్పడు. ఇది చేసినవాడు చెప్తాడు. వాణ్ణి పిలిపించండి. నేను కూర్చుంటాను."

నేలమీదే చతికిలబడింది. మేమూ కూర్చున్నాం. ఈలోగా బయట జనం మూగారు. గుర్రాలవాళ్ళు దిగొచ్చారు. పొద్దున వాళ్ళనీ పైనుంచి తరిమేశారట, పండుగనాటి బేరాలన్నీ పోయాయట. "ముందు ఆమె మీద చెయ్యేసింది వాడే! మా కళ్ళతో చూశాం!" అని కిటికీలోంచి ఒకటే కేకలు.

సార్జెంటు కిటికీలోంచి చూశాడు, ఆ పిల్లని చూశాడు. "అమ్మాయ్, నా ఠాణాకి ఒకటే తలుపు. దాని బయట ఊరంతా ఉంది. ఫిర్యాదు ఇస్తావా, తలనొప్పి లేకుండా ఇంటికి పోతావా?"

ఆమె లేచి వెళ్ళిపోయింది. కారు మీద ఎవరో పుచ్చిన మామిడికాయ విసిరారు. ఫెనెలూస్‌ని వదిలేశారు. క్షమాపణ మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అక్క జబ్బ నొప్పి నెల దాటినా పోలేదు. కుడిచెయ్యి కదా, కత్తెర పట్టుకున్నప్పుడల్లా వాణ్ణి తిట్టేది.

తిరుగు బండిలో చాలాసేపటికి ఫెనెలూస్ అడిగాడు. "లోపల ఏముంది?"

"నాకేం తెలుసురా? నీ వెనకే దిగొచ్చానుగా."

వాడు ఒక బూతు మాట తిట్టాడు, ఎవరినో తెలియదు. తర్వాత, "వచ్చే ఆదివారం పోదాం," అన్నాడు.

వెళ్ళాం. తాడు లేదు. లోపల తడి గోడలు, చీకటి మెట్లు, వరసగా ఫిరంగులు. ఇంగ్లీషువాళ్ళవి, ఫ్రెంచివాళ్ళవి, స్పెయిన్‌వాళ్ళవి. ఫెనెలూస్ ఒక ఫిరంగిని కింద చెయ్యిపెట్టి కదపబోయాడు. కదల్లేదు. చూపించడానికి వచ్చిన మనిషిని అడిగాడు.

"ఇంత బరువు కొండపైకి ఎవరు ఎక్కించారు?"

"జనమే. క్రిస్టోఫ్ రాజు మోయించాడు. తాళ్ళతో లాగించాడు."

"ఎంతమంది పోయారు?"

"వేలమందంటారు. ఎవరు లెక్కపెట్టారు?"

ఫెనెలూస్ ముఖం నల్లబడింది. "లెక్కపెట్టలేదా? బానిస బతుకు వద్దని కొట్లాడి గెలిచి, గెలిచినవాళ్ళ చేతే మళ్ళీ రాళ్ళు మోయించాడా? ఏం రాజు వాడు!" గోడలు మోగాయి. గబ్బిలాలు లేచాయి.

"మెల్లగా మాట్లాడు," అంది అక్క. "తెల్లవాళ్ళు మళ్ళీ ఓడలేసుకుని వస్తే? కోట లేకుండా సూదులు పట్టుకుని నిలబడేవాళ్ళమా?"

"వచ్చారా? ఒక్కడైనా వచ్చాడా? ఈ ఫిరంగుల్లో ఒక్కటైనా పేలిందా? ఊరికే చచ్చారక్కా మనవాళ్ళు! మనవాళ్ళు!"

"కోట ఉంది కాబట్టే రాలేదురా, మొద్దూ!"

కొండ దిగేదాకా అరుచుకున్నారు. ఎదురొచ్చే గుర్రాలు బెదిరి పక్కకి తొలిగాయి. బండెక్కినా ఆపలేదు. ఫెనెలూస్ బండి రేకుమీద గుద్దుతూ రాజుని నిలదీస్తున్నాడు, రాజు తరఫున అక్క జవాబు చెబుతోంది. మేము కసావా దుంపల రొట్టెలు తుంచుకు తింటూ విన్నాం. కాప్ చేరేసరికి మాలోనూ రెండు జట్లయ్యాయి. నేను ఫెనెలూస్ పక్షం.