‘ష్ఠ’ దగ్గర వినీల

“కంకిపాడు! కంకిపాడు దిగేవాళ్లు రండి!”

బస్సు బెంజ్ సర్కిల్ దాటినప్పటి నుంచి కండక్టర్ వినీల ఊళ్ల పేర్లను గొంతు చించుకోకుండా, నాలుక చివరతో పలికి చూసుకుంటోంది.

డ్రైవర్ సంజీవరావు అద్దంలోంచి నవ్వాడు. “ఏంటమ్మా, ఇవాళ ఊళ్ల పేర్లకి కూడా రాగం తీస్తున్నావు?”

“సాయంత్రం చర్చిలో సోలో ఉందండీ! పద్నాలుగేళ్లుగా బృందంలో పాడుతున్నా ఇదే మొదటిసారి!”

సంచి పట్టీ ఒరిసి ఒరిసి ఆమె ఎడమ భుజం మీద నల్లటి చార పడింది. ఇంజను మోతను మించి అరిచీ అరిచీ మెడ నరాలు ఉబ్బిపోయాయి. ఆ గొంతు బస్సుకి పనికొచ్చింది గానీ పాటకి పనికిరాలేదు. పామర్రు చర్చి బృందంలో ఆమె చోటు ఎప్పుడూ చివరి వరసే. కష్టమైన అక్షరాన్ని గట్టిగా కొడితే స్వరం పగిలేది. మెత్తగా అంటే మాటే వినిపించేది కాదు.

పాటలు నేర్పే సంపూర్ణమ్మ టీచరుకి డెబ్భై ఆరేళ్లు. ఆరు నెలల క్రితం వినీలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, దవడ కింద రెండు వేళ్లు ఆనించి పాడించింది.

“పాటలో ‘శ్రేష్ఠమైన’ అనేసరికి ఇక్కడ బిగుసుకుంటోంది చూడు. నాలుక చెయ్యాల్సిన పని గొంతుకి అప్పజెప్పకు. ‘ష్ఠ’ని తాకి వదిలెయ్యి. నిలబడాల్సింది దాని వెనకొచ్చే ‘అ’ మీద.”

ఉయ్యూరులో జనం తోసుకుంటూ ఎక్కారు. వినీల టికెట్లు కొడుతూనే “శ్రేష్ఠ… శ్రేష్ఠ…” అనుకుంటోంది.

“అక్కడికి కాదమ్మా, నాకు పామర్రుకియ్యి,” అంది బుట్ట పట్టుకున్న ఓ ముసలామె. బస్సంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువగా వినీలే నవ్వింది.

డ్యూటీ దిగి, చీర మార్చుకుని చర్చికి చేరేసరికి ఆరైంది. టీచరు వెనక బెంచీలో కూర్చుని ఉంది. వినీల మొదటిసారి ముందుకొచ్చి నిలబడింది. ఒళ్లంతా ఉరకలేస్తోంది.

ఆ మాట వచ్చింది. నాలుక తాకింది, వదిలేసింది. గొంతు ఎక్కడా గీరుకోకుండా విచ్చుకుని రేకుల కప్పుదాకా వెళ్లింది. చిట్టచివరి వరసకి కూడా ప్రతి అక్షరం అందింది. వినీలకి అక్కడే గెంతాలనిపించింది.

పాట ముగియగానే వెనక బెంచీకి పరుగెత్తింది. అక్కడ టీచరు పొరుగింటి సువార్తమ్మ ఒక్కతే ఉంది.

“టీచరుగారేరీ?”

“వాళ్ల చెల్లెలు కారు తీసుకొచ్చింది. ఇక ఆవిడ దగ్గరే మైలవరంలో ఉంటారంట. చూపు ఆనట్లేదుగా. నీ పాట మొత్తం వినే లేచారు. ముందే చెప్తే నీ గొంతు బిగుసుకుపోద్దని మమ్మల్ని చెప్పనివ్వలేదు.”

వినీల గుమ్మం వైపు చూసింది. వీధిలో కారు లేదు. టీచరు కూర్చున్న చోట ఒక చిన్న స్టీలు ఫ్లాస్కు ఉంది. మూత తిప్పింది. పాడాక గొంతు సేదతీరేందుకు తాగే వేడినీళ్లు, సన్నగా ఆవిరి కక్కుతున్నాయి.